చందాదారుని హక్కు

మాసపత్రికకు చందా కట్టువాడు చేయు పని యొక విధముగ చూచిన వింతయైనది. అంగడిలో వంకాయలు కొనువాడు వానిని త్రిప్పి చూచి, పుచ్చులేరి, బేరమాడి, అటుపిమ్మట వెలయిచ్చును. చందాదారు డట్లు గాదు. ఇంకను వ్రాయబడని వ్యాసములకు, ఇంకను అచ్చుపడని సంచికలకు ముందుగనే సొమ్ము చెల్లించును. రాబోవు పండ్రెండు నెలలలో సంపాదకుని బుద్ధి యెట్లుండునో, కాగితపు ధర యెంత పెరుగునో, అసలు పత్రిక బ్రతికియుండునో లేదో యతడెఱుగడు. అయినను ఇచ్చును. మన భాషలో పత్రికలు పుట్టిన నాటినుండియు వానిని పోషించిన వాడీ వింతమనుష్యుడే. (గడువు తీరినను కట్టనివారును గలరు, వారి ప్రసంగ మిచట వలదు.)

ఫుట్‌బాల్ క్లబ్బుల వ్యవహారములో దీనికి సరియగు వస్తువొకటి కలదు. దానిని సీజను టిక్కెట్టందురు. ఏటి పోటీలలో సొంత మైదానమున జరుగు ఆటలన్నిటికిని ఒక్కసారియే ముందుగా వెలకట్టి, తనకని యొక కుర్చీని నిర్ణయించుకొనుట దీని యర్థము. జట్టు గెలుచునో ఓడునో, తనకు నచ్చిన ఆటగాడు ఉండునో పోవునో కొనువానికి తెలియదు. ఈ టిక్కెట్ల అమ్మకము తగ్గినప్పుడు యాజమాన్యమువారు ఉలికిపడి కారణములు వెదకింతురు. ధర హెచ్చినదందురు, ఆట చప్పబడినదందురు, ఇంటిలో టెలివిజను ముందు కాళ్లు చాపుకొని చూచుట సుఖమైనదందురు. ఇవి యన్నియు గిరాకికి సంబంధించిన కారణములు. అవి నిజము గావచ్చును. కాని వానికి వెనుక మఱొక ప్రశ్న యున్నది. ముందుగ సొమ్మిచ్చిన వానికిని, దానిని పుచ్చుకొన్న వానికిని నడుమ నేర్పడు సంబంధ మెట్టిది? కొనుగోలా, అప్పా, మ్రొక్కుబడియా? ఇచ్చినవానికి ఆట చూచు హక్కు తప్ప వేఱు హక్కు గలదా?

హైదరాబాదు వారికిది ఊరక పుట్టిన ప్రశ్న గాదు. 2019వ సంవత్సరమున ఇచట హైదరాబాద్ ఎఫ్.సి. యను క్లబ్బు వెలసినది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాంగణము దాని యాటపట్టు. మొదటి యేడు పది జట్లలో కడపటి స్థానము. రెండే రెండు గెలుపులు. తరువాత కోవిడ్ వచ్చిపడుటచే రెండేండ్లు ఇండియన్ సూపర్ లీగు ఆటలన్నియు గోవాలో జరిగినవి. ప్రేక్షకుల ప్రవేశము లేదు. ఆ కాలముననే స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడై యీ జట్టును తీర్చిదిద్దెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్సుతో తుదిపోటీ. దానికి మాత్రము ప్రేక్షకులను రానిచ్చిరి. వచ్చినవారిలో కేరళీయులే మెండు. 88వ నిముసమున సాహిల్ తవోరా కొట్టిన గోలుతో లెక్క సరిపడెను. పిదప పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడు దెబ్బల నడ్డగింపగా మనవారు 3-1 గా గెలిచి కప్పు నందుకొనిరి.

ఇందలి చిత్రమును గమనింపుడు. మొదటి యేడు టిక్కెట్టు కొని గచ్చిబౌలి మెట్లపై కూర్చున్నవాడు కన్నులార చూచినది ఓటమి. గెలుపును చూచినది ఇంటిలో, తెరమీద. వాడు వట్టి కొనుగోలుదారే యైనచో ఇంతకు మించిన చెడ్డబేర ముండదు. కాని 2022లో ఆటలు తిరిగి నగరమునకు వచ్చినప్పుడు వాడును వచ్చినాడు. ఆ యేడు జట్టు పట్టికలో రెండవ స్థానమున నిలిచి, సెమీఫైనలులో మోహన్‌బగాను చేతిలో పెనాల్టీలపై ఓడినది. అంతవఱకు బాగుగనే యున్నది.

అటుపిమ్మట జరిగిన కథ వేగముగ చెప్పదగినది. శిక్షకుడు గోవా జట్టునకు వెడలిపోయెను. జీతములు బాకీపడినవి. ఆ బాకీల వ్యవహారము ప్రపంచ సంస్థయగు ఫీఫా వఱకు పోయి, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదను నిషేధము వచ్చినది. ఉన్నవారిలో పేరుగల వారు పలువురు నడుమనే విడిచిపోయిరి. 2023-24లో కుర్రవాండ్రతో నెట్టుకొనిపోయి, 22 ఆటలలో ఒక్కటి మాత్రము గెలిచి, అడుగున నిలిచిరి. 2024లో బి.సి. జిందల్ సంస్థవారు క్లబ్బును కొనిరి. మఱుసటి యేడు 13 జట్లలో 12వ స్థానము. 2025లో క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని పేరు పెట్టిరి. ఆరేండ్లలో పుట్టుక, పట్టాభిషేకము, వలస.

పంజాగుట్టలో నొక గృహస్థు ననుకొందము. ఉద్యోగవిరమణము చేసినవాడు, లెక్కలో గట్టివాడు. ఆయన కూతురు మొదటి యేటినుండియు ఆటలకు పోవుచుండెడిది. క్లబ్బు తరలిపోయినదని విని ఆమె యన్నము సరిగా తినలేదు. తండ్రి యిట్లనును: “అమ్మాయీ, సొమ్మిచ్చితివి, ఆట చూచితివి, లెక్క చెల్లినది. ఆ క్లబ్బు వారిది. వారి సొమ్ముతో పెట్టుకొన్నారు, వారికి నష్టము వచ్చినది, ఎత్తివేసినారు. మన వీధిలో హోటలు మూసినపుడు ఏడ్చితివా?” కూతురు చెప్పు సమాధానము: “ఆ హోటలులో ఇడ్లీ పులిసిన నాడు నేను మఱొక హోటలునకు పోతిని, నాన్నా. ఈ జట్టు ఓడిన నాడు మఱొక జట్టునకు పోలేదు.”

ఈ మాటలో ధర్మసూక్ష్మ మంతయు నిమిడియున్నది. కొనుగోలుదారుని బలము మఱొక యంగడికి పోగలుగుటలో నున్నది. వర్తకుడు వానికి జంకుట యందుచేతనే. అభిమానికి ఆ బలము లేదు. హైదరాబాదు జట్టు బాగుగ నాడుట లేదని బెంగళూరు జట్టును ప్రేమించువా డభిమాని యనిపించుకొనడు. వాని యభిమానమే వానిని నిస్సహాయుని చేయుచున్నది. వర్తకశాస్త్రము ప్రకారము ఏ కొనుగోలుదారుడు ఎచటికిని పోలేడో వానిని మోసగించుట మిక్కిలి సులభము. ధర్మశాస్త్రము దీనిని తలక్రిందుగ చెప్పును: ఎవడు మనలను విడిచి పోలేడో వాని విషయమున మన బాధ్యత యెక్కువ. పసిబిడ్డ, రోగి, సొమ్ము కుదువబెట్టినవాడు, వీరి విషయమున లోకము యజమానిని గట్టిగ నిలదీయుట యందుకే.

అమీర్‌పేట సంగతి కొంత చెప్పవలసియున్నది. ఈ పేట సాఫ్ట్‌వేరు శిక్షణాలయములకును, వానిని నమ్ముకొన్న హాస్టళ్లకును పేరు మోసినది. కరీంనగరునుండి, కర్నూలునుండి, శ్రీకాకుళమునుండి యువతీయువకులు సంచులతో దిగి, ఆరునెలలో ఏడాదియో యిఱుకుగదులలో కాలము గడిపి, ఉద్యోగము దొరకగనే పడమటి పేటలకు తరలిపోవుదురు. వారిని “మీదే ఊరు?” అని యడిగిన హైదరాబా దని యొక్కడును చెప్పడు. ఇట్టివానికి నగరము తనదగుట యెట్లు? అద్దె రసీదువలన కాదు. ఆధార్ చిరునామా మార్పించుటవలనను కాదు. పదిమందితో గూడి యొక దానికొఱకు సంతోషించుటవలనను, దుఃఖించుటవలనను అగును. మెట్రోబండిలో అమీర్‌పేట నుండి రాయదుర్గము పోయి, అచటనుండి ఇంకను కొంతదూరము ఆటోలో నూగులాడి, పసుపుచొక్కా తొడిగి మైదానమున కూర్చున్న కుర్రవాడు ఆ తొంబది నిముసములు హైదరాబాదీయుడే. ప్రక్క కుర్చీవానిది ఏ జిల్లాయో, ఏ కులమో, ఏ భాషయో యడుగ నక్కఱలేదు. మన సంఘమున కులమడుగకుండ భుజము భుజము తాకించుకొని కూర్చుండు వరుసలు మిక్కిలి యున్నవని యెవరైన చెప్పగలరేమో నాకు దెలియదు. స్త్రీలు రాత్రివేళ గుంపులోనికి పోవుటకు జంకు నగరములో, ఏడాది పొడుగునను ఒకే కుర్చీ, ఒకే ఇరుగుపొరుగు అను ఏర్పాటు ఎంత ధైర్యమిచ్చునో యిండ్లలోని తల్లులకు తెలియును. క్లబ్బు తరలిపోయినప్పుడు తరలిపోయినది వట్టి ఆటగాదు.

“అట్లయిన పూనావారి మాట యేమి?” అని యొక చదువరి యడుగవచ్చును. తగిన ప్రశ్న. హైదరాబాదు క్లబ్బు లీగులో ప్రవేశించినది ఖాళీ స్థలమున గాదు. పూనా నగరపు జట్టు చితికిపోగా దాని స్థానమున. పూనాలో గూడ చొక్కాలు కొన్న కుర్రవాండ్రుండిరి. వారి ఉసురునుగూర్చి 2019లో మన నగరమున నెవ్వరును సభ చేయలేదు. ఏ నియమముచే మనకు లభించినదో ఆ నియమముచేతనే పోయినప్పుడు ఫిర్యాదు చేయు నర్హత మనకు గలదా? నా యభిప్రాయమున కలదు. అన్యాయపు నియమమువలన లాభమొందినవాడు తనకు నష్టము వచ్చిన నాడు దానిని ఖండించుట అంత సొగసైన పని గాదు. కాని సొగసు లేదని సత్యము అసత్యము గాదు. అయితే ఖండన మా నియమము మీద సాగవలెను. “మా క్లబ్బు మాకిండు” అనుట చాలదు. రేపు మఱొక నగరపు క్లబ్బును తెచ్చి యిచ్చినచో పుచ్చుకొందుమా యని ముందుగ చెప్పవలెను. ఆ ప్రశ్నకు ఉత్తరమీయని శోకము చెల్లని నాణెము.

ఇక యభిమానుల యసంతృప్తి విషయము. యాజమాన్యము తప్పు చేయుచున్నప్పుడు టిక్కెట్టు కొనక యుండుట ధర్మమా? మన గృహములలో సమాధానము సిద్ధముగ నుండును: “సొమ్ము మానివేయుడు, బుద్ధివచ్చును.” ఒక్కొకచో వచ్చును. 2016 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని లివర్‌పూల్ క్లబ్బువారు మఱుసటి యేటికి మిక్కిలి హెచ్చుధర టిక్కెట్టును 77 పౌండ్లుగ నిర్ణయించిరి. సండర్లాండుతో జరిగిన ఆటలో 77వ నిముసము రాగానే దాదాపు పదివేలమంది లేచి వెలుపలికి నడచిరి. అప్పటికి వారి జట్టు రెండు గోళ్లు ముందున్నది. వీరు పోయిన పిదప ఎదిరివారు రెండును తీర్చివైచిరి. కొలదిదినములలో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను రద్దుచేసిరి. ఇచట గమనింపదగిన దేమన, ఆ పదివేలమంది రాకుండుట కాదు, వచ్చి లేచిపోయిరి. నిండిన కుర్చీ ఖాళీయైనప్పుడు అది మాటలాడినది.

మొదటినుండియు ఖాళీగనున్న కుర్చీ మాటలాడదు. లేదా, చూచువానినిబట్టి యొక్కొక మాట చెప్పును. అభిమాని దానిని “నేనలిగితిని” యని చదువును. యజమాని యదే కుర్చీని “ఇచట గిరాకి లేదు” అని చదువును. జీతములీయని యాజమాన్యముపై కోపముచే ఇంటిలో కూర్చున్న హైదరాబాదువాని నిరసనము, ఆటయన్న నిరుత్సాహముచే ఇంటిలో కూర్చున్నవాని సోమరితనము, లెక్కల పుస్తకమున నొకే గడిలో పడును. ఆ లెక్కను చూపి “ఈ యూర ఫుట్‌బాలునకు ఆదరణము లేదు” అనుట సులభము. పోయినచో అన్యాయమునకు పోషణ. పోకున్నచో తరలింపునకు సాక్ష్యము. దక్కన్ లీజియన్ మొదలగు అభిమాన సంఘములవారిలో ఎవరు పోయిరి, ఎవరు మానిరి యని నేను తీర్పు చెప్పబోను. ఎటు నడచినను తనకే చేటగు త్రోవలో నిలిపినవారిని విడిచి, నిలువబడినవానిని తప్పుపట్టుట న్యాయము గాదు. దోషము ఏర్పాటులో నున్నది: అభిమానికి రెండే మాటలు నేర్పినారు, వచ్చుట, రాకుండుట. మూడవ మాట లేదు.

ఆ మూడవమాట యుండదగునని ఇతర దేశములు చూపినవి. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగమునకు మించినవి సభ్యులచేతిలో నుండవలెనని నియమము. కొన్ని మినహాయింపులు గలవు గాని సామాన్యముగ కోటీశ్వరుడు సొమ్ము పెట్టగలడే కాని క్లబ్బును మూటగట్టి తీసికొనిపోలేడు. లండను నగరమున వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అను క్రొత్తపట్టణమునకు తరలించుటకు 2002లో అనుమతి వచ్చినది. అభిమానులు ఆ యేడే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను సొంతక్లబ్బును స్థాపించి, పట్టణమైదానములో ఆటగాండ్రను పరీక్షించి యేరుకొని, అట్టడుగు పోటీలనుండి ఆరంభించి, తొమ్మిదేండ్లలో దేశపు ఫుట్‌బాల్ లీగునకు ఎక్కిరి. 2020లో తమ ప్లౌ లేను వీధికి తిరిగి వచ్చిరి. ఇందులో నాకు మిక్కిలి నచ్చిన సంగతి చిన్నది: 2007లో తరలిపోయిన క్లబ్బువారు పాతకప్పులను, జ్ఞాపికలను వింబుల్డన్ ప్రాంతపు మెర్టన్ పురపాలకమునకు అప్పగించిరి. ఆటగాండ్ర ఒప్పందములు వెంట పోయినవి. చరిత్రము మాత్రము ఊరిదని ఒప్పుకొనిరి.

హైదరాబాదునకు కూడ చరిత్రము కొఱత లేదు. ఉపాధ్యాయుడుగ జీవిత మారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగ నైదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షకుడుగ భారతదేశము 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణమును పొందినది. మఱుసటి యేడే ఆయన క్యాన్సరుచే మరణించెను. ఆ పోలీసు జట్టునకు సీజను టిక్కెట్లు లేవు, అభిమానులకు ఓటును లేదు. పైయధికారి దయపై నడచిన జట్టు. కాలక్రమమున వన్నె తగ్గినది. ఆ పద్ధతియే మేలని నేననను. కాని దానిని ఢిల్లీకి తరలించు యోచన యెవని బుఱ్ఱలోను పుట్టియుండదు. హైదరాబాదు పోలీసు ఢిల్లీలో నెట్లుండును? పేరులోని ఊరు పెట్టుబడిదారుని చొక్కాపై కుట్టిన అలంకారము కాక, జట్టునకు ఉనికియే యైయుండెను.

మనకీ యూహ క్రొత్తది గాదు. దేవాలయమున కెంతటి ధనికుడు గోపురము కట్టించినను వాడు ధర్మకర్త యగును గాని యజమాని గాడు. “నా ఖర్చు గిట్టుట లేదు, ఉత్సవవిగ్రహమును పొరుగూరికి తీసికొనిపోవుచున్నాను” అని ధర్మకర్త యన్న నాడు ఊరు ఊరకుండదు. అంతదూర మేల, అమీర్‌పేట సందులలో వినాయకచవితి పందిళ్లను చూడుడు. కుర్రవాండ్రు రసీదుపుస్తకముతో ఇంటింటికి వచ్చి చందా పట్టుకొనిపోవుదురు. పెద్దమొత్తము దుకాణదారుడిచ్చును, ఫలకముపై వాని పేరు పెద్దయక్షరములలో నుండును. అయినను విగ్రహమును పొరుగు బస్తీలో నిలుపవలెనని వాడనజాలడు. నూటపదాఱు రూపాయలిచ్చిన ముదుసలి “లెక్క చూపుడురా అబ్బాయిలూ” అని యడుగగలదు. చూపని కమిటీకి మఱుసటి యేడు ఆ యింట పైస పుట్టదు. పదిదినముల పందిరికి మనము పెట్టుకొన్న పద్ధతి, నగరము పేరు పెట్టుకొన్న క్లబ్బునకు పెట్టుకొనలేదు.

నష్టమును భరించువాడు యజమానియే గదా, ముసలమ్మకు అధికారమిచ్చిన వాని నష్టము నెవరు తీర్తురు? పంజాగుట్ట గృహస్థు తప్పక యడుగు ప్రశ్న యిది. ఆయన లెక్క తప్పుగాదు. లాభనష్టములు వాని వైనచో జీతములు, ధరలు, ఆటగాండ్ర యెంపిక, ఇవి యన్నియు వాని చేతిలోనే యుండనిండు. కూతురు కోరునది అధికారము గాదు. నాలుగే విషయములు: ఊరు, పేరు, రంగు, ఆటపట్టు. వీనిని మార్చుటకు ముందు చందాదారులను సమావేశపఱచి, లెక్క చూపి, ఓటడుగవలెనని యొక వాక్యము సీజను టిక్కెట్టు వెనుక నచ్చువేసిన చాలును. ఆ వాక్యమున్న టిక్కెట్టునకు తండ్రి సొమ్మిచ్చునేమో చెప్పజాలను. లేని టిక్కెట్టును మాత్రము కూతురిక కొనదు. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోటీ గచ్చిబౌలిలో జరిగి, బెంగాలువారు కేరళీయులను ఒకే గోలుతో ఓడించిన రాత్రి ఆమె అచటనే యుండెను. ఆడినది రెండును పరాయి జట్లే. ఇంటికి వచ్చినప్పుడు తండ్రి మేలుకొనియే యుండి, ఎవరు గెలిచిరని యడిగెను.